దంపతులిద్దరూ తప్పక రావాలి

అడ్మిన్ డిపార్ట్‌మెంట్ అంటే కుర్చీలు లెక్కపెట్టే డిపార్ట్‌మెంట్ అని సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఒక చులకన ఉంది. ఇంజనీరు పిల్లలకు మేం గుర్తొచ్చేది ఏసీ ఆగిపోయినప్పుడు, బస్సు ఆలస్యమైనప్పుడు మాత్రమే. మా చెల్లెలి కూతురు ఈ మధ్యే గచ్చిబౌలిలో ఒక కంపెనీలో అదే పనిలో చేరింది. "పెద్దమ్మా, ఇందుల నేర్చుకునేదేముంటది, ఊకె సంతకాలు పెట్టుడే గద" అంది మొన్న. నాకు కోపం వచ్చింది. కోపం వస్తే నేను మాట్లాడను, కూర్చుని రాస్తాను. ఇది అట్లా రాసిందే.

ప్రమోషన్లు, ఫైళ్లు, ఎవరికి ఏ క్యాబిన్ ఇచ్చాం అన్న సంగతులు వదిలేస్తున్నాను. అవి ఎవరైనా నేర్పిస్తారు. ఎవరూ నేర్పనిది ఒకటుంది. ఉద్యోగుల కోసమని చెప్పి బయటివాళ్లు ఏదైనా చవగ్గానో, ఉచితంగానో తెచ్చి మన బల్ల మీద పెట్టినప్పుడు దాన్ని ఎట్లా తూచాలన్నది. ఆ విద్య నాకు బాగానే అబ్బింది. చాలామందిని చాలా మోసాల నుంచి కాపాడింది. నన్ను మాత్రం ఒక మంచి మనిషి నుంచి కూడా కాపాడింది, అదే నా బాధ. ఆ మనిషి పేరు నర్సింగరావు. మా కంపెనీలో అకౌంటెంటు.

రాళ్ల మధ్య ఆఫీసు

తొంభైల చివరి సంవత్సరాలు అవి. మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల మేడ కొత్తగా లేచింది. దాని చుట్టూ ఇంకా బండరాళ్లే. మధ్యాహ్నం రాళ్లు పేల్చేముందు ఒకతను ఎర్రజెండా పట్టుకుని రోడ్డుకు అడ్డంగా నిలబడేవాడు, వచ్చే పోయే బండ్లన్నీ అక్కడే ఆగిపోయేవి. పేలినప్పుడు మా కిటికీ అద్దాలు అదిరేవి. ఇప్పుడు నేనుంటున్న తెల్లాపూర్ అప్పటికి జొన్న చేలు.

నేను లింగంపల్లిలో ఒక గది, ఒక వంటిల్లు ఉన్న వాటా కిరాయికి తీసుకుని ఉండేదాన్ని. పెళ్లి కాలేదు, నలభై దాటాయి. ఎందుకు కాలేదో రాయాలంటే అది వేరే కథ, దాంట్లో గొప్ప విషాదం కూడా ఏమీ లేదు. మూసాపేటలో మా తమ్ముడిల్లు ఉంది కాని, పోయినప్పుడల్లా ఎవరో ఒక చుట్టం కూర్చుని "ఇంక ఒక్కదానివే ఉన్నవా బిడ్డా" అని అడిగేది. అందుకని పోవడం తగ్గించాను.

వారమంతా ఆఫీసు ఉండేది కాబట్టి ఫికర్ లేదు. ఆదివారమే గడిచేది కాదు. బట్టలుతికి, తలస్నానం చేసి, వండుకుని తినేసరికి మధ్యాహ్నమయ్యేది. అక్కడి నుంచి పడుకునే దాకా ఎవరితోనూ ఒక్క మాట ఉండేది కాదు. సోమవారం పొద్దున కంపెనీ బస్సెక్కి డ్రైవర్‌కి నమస్తే చెప్పినప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినపడేది.

మా జనరల్ మేనేజర్ మూర్తి గారు భీమవరం వైపు మనిషి. మంచివారే, కాని ఉచితం అన్న మాట వింటే కరిగిపోయేవారు. ఒకరోజు నన్ను పిలిచి ఒక రంగుల కాగితం నా ముందుకు జరిపారు.

"పిల్లలు నిలబడట్లేదండీ అనసూయ గారూ. ఇలా చేరుతున్నారు, అలా పక్క కంపెనీకి పోతున్నారు. జీతాలు పెంచమంటే పైవాళ్లు ఒప్పుకోరు. ఏదైనా సరదా చూపించాలండి. ఇది చూడండి, నిన్ననే నోటీసు బోర్డులో పెట్టించాను."

సముద్రం, ఈతకొలను, టోపీ పెట్టుకున్న ఒక జంట. రిసార్టులో మూడు పగళ్లు, రెండు రాత్రులు నామమాత్రపు ధరకే. చేయాల్సిందల్లా ఆదివారం మధ్యాహ్నం ఒక హోటల్లో జరిగే చిన్న సమావేశానికి రావడం. అన్నిటికన్నా కింద, అన్నిటికన్నా చిన్న అక్షరాల్లో ఒక షరతు ఉంది. దంపతులిద్దరూ తప్పక రావాలి.

శ్రీకాంత్ కొన్న వారం

ఆ కాగితం చూసి మొదట వెళ్లినవాడు శ్రీకాంత్. తెనాలి కుర్రాడు, ప్రోగ్రామర్, అప్పుడే పెళ్లయింది. చవకగా మూడు రోజులు తిరిగొద్దామని ఆ హోటల్‌కి వెళ్లాడు. వచ్చేటప్పుడు ఏడాదికో వారం చొప్పున పాతికేళ్ల సెలవులు కొనుక్కుని వచ్చాడు. కొత్త కాపురానికి మంచం, ఫ్రిజ్ కొందామని దాచుకున్నదంతా అందులో పోసేశాడు.

వేసవి ముందు నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఊటీకి గది అడిగితే తనకు అమ్మింది వానాకాలపు వారమని, వేసవిలో కుదరదని చెప్పారట. వెళ్లినా వెళ్లకపోయినా ఏటేటా నిర్వహణ ఖర్చు మాత్రం కట్టాలట. వద్దనుకుంటే వెనక్కిచ్చే గడువు ఎప్పుడో దాటిపోయింది.

"ఎందుకు సంతకం పెట్టావు బాబూ?" అని అడిగాను.

"తెలీదు మేడమ్. వాళ్లు చాలా బాగా మాట్లాడారండి. మాధవికి అవన్నీ చూపిస్తుంటే తన మొహం వెలిగిపోయింది. తన ముందు మనకు వద్దు అని ఎలా అంటానండి?"

వాడు వెళ్లాక చాలాసేపు ఆ షరతు గురించే ఆలోచించాను. ఇద్దర్నీ రమ్మనేది మర్యాద కోసమో, ఇద్దరికీ నచ్చాలనో కాదు. ఒక్కడే వెళ్తే "ఇంట్లో అడిగి చెప్తాను" అని తప్పించుకోవచ్చు. ఇద్దరూ ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. పెళ్లాం ముందు లేదు అనడానికి మొగుడికి నామోషీ, మొగుడి ముందు వద్దు అనడానికి పెళ్లానికి మొహమాటం. అమ్మేవాడు అసలు కష్టపడనక్కర్లేదు, వాళ్లే ఒకరినొకరు ఒప్పించుకుంటారు. అడ్మిన్ పనిలోకి వచ్చే పిల్లలు ముందు ఇది నేర్చుకోవాలి. ఆఫర్ ఎంత చవక అన్నది తర్వాత. దానికి ఏ షరతు పెట్టారు, ఆ షరతు ఎవరికి పనికొస్తుంది అన్నది ముందు చూడాలి.

మూర్తి గారి దగ్గరికి వెళ్లి, ఇక మీదట నేను స్వయంగా కూర్చుని చూడనిదే బోర్డులో ఏదీ పెట్టనని చెప్పాను. శ్రీకాంత్ సంగతి ఆయనకూ గుచ్చుకున్నట్టుంది. "మీ ఇష్టమండీ" అన్నారు.

తలుపు దగ్గర

తర్వాత వచ్చిన ఆఫర్ చూడటానికి ఆ ఆదివారం బేగంపేటలో ఒక హోటల్‌కి ఒక్కదాన్నే వెళ్లాను. హాలు తలుపు దగ్గర పట్టుచీర కట్టుకున్న అమ్మాయి చిరునవ్వుతో నా చేతిలో కాగితం తీసుకుంది. నా వెనక్కి చూసింది.

"సార్ రాలేదా మేడమ్?"

"సార్ లేరమ్మా. నేనే వచ్చాను."

"అయితే ఈసారికి కుదరదు మేడమ్. వచ్చే వారం సార్‌తో కలిసి రండి."

ఆ అమ్మాయి తప్పేం లేదు, చెప్పమన్నది చెప్పింది. కాని నా వెనక జంటలు వరుసలో ఉన్నారు. వాళ్లకు దారి ఇవ్వడానికి పక్కకు జరిగాను. ఒకావిడ నా మెడ వైపు చూసింది. ఇల్లు అద్దెకిచ్చేవాళ్ల చూపు, పెళ్లిళ్లలో చుట్టాల చూపు నాకు అలవాటే. సమోసాలు పెట్టి సరుకు అంటగట్టేవాడికి కూడా నేను పనికిరాలేదన్నది మాత్రం ఆ రోజు చాలా నొప్పి పెట్టింది. ఇంటికెళ్లేదాకా బస్సులో తల కిటికీ వైపే పెట్టుకున్నాను.

సోమవారం క్యాంటీన్‌లో ఆ సంగతి నవ్వుతూనే చెప్పాను. ఎదురుగా ఉన్నది నర్సింగరావు గారు. సిద్దిపేట దగ్గరి మనిషి, యాభై దాటాయి. భార్య పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. చందానగర్‌లో ఒక్కరే ఉండేవారు. మా ఇద్దరిదీ ఒకే కంపెనీ బస్సు. రోజూ ఒకే బల్ల దగ్గర తినేవాళ్లం కాని ఉప్పు, మజ్జిగ తప్ప మా మధ్య పెద్దగా మాటలుండేవి కావు. ఆయన అన్నం కలుపుతూ తల ఎత్తకుండానే అన్నారు.

"నేనస్త మేడమ్."

"ఎక్కడికి?"

"గా హోటల్‌కే. ఇద్దరు గావాలె అంటున్నరు గద. మనం ఇద్దరమున్నం. లెక్కలు నేను సూస్త, మనుషులను మీరు సూడుండ్రి."

మూర్తి గారికి చెప్తే ఆయన ముందు నవ్వారు, తర్వాత ఇబ్బందిగా కళ్లద్దాలు తుడుచుకున్నారు. "ఆఫీసు పనే కదండీ. కాకపోతే నలుగురి నోళ్లలో పడకుండా చూసుకోండి."

మేడమ్ గారినే అడుగుండ్రి

ఆ హాళ్లన్నీ ఒకే రకంగా ఉండేవి. మందపాటి పరదాలు, చల్లటి ఏసీ, మెల్లగా పాట. ముందు సమోసా, కూల్‌డ్రింకు. తర్వాత కొండలు, సముద్రాలు చూపించే సినిమా. అది అయ్యాక ఒక్కో జంటకు ఒక్కో గుండ్రటి బల్ల, దాని దగ్గర టై కట్టుకున్న ఒక కుర్రాడు. వాడు రిసార్టు గురించి మాట్లాడడు, మన గురించి అడుగుతాడు. ఎవరైనా సంతకం పెడితే హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లకు పక్క బల్ల మీద చెయ్యి కూడా కలం వైపు పోతుంది.

మొదటిసారి కూర్చున్నప్పుడు మా కుర్రాడు నర్సింగరావు గారి వైపు తిరిగాడు. "సార్, మేడమ్‌ను చివరిసారి ఎక్కడికి తీసుకెళ్లారు?"

ఆయనకు చెమటలు పట్టాయి. కర్చీఫ్ తీసి మొహం తుడుచుకుని, "మేడమ్ గారినే అడుగుండ్రి" అన్నారు.

"ఇంట్లో కూడా మేడమ్ గారేనా సార్" అని ఆ కుర్రాడు పడిపడి నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వాను. అట్లా నవ్వి ఎన్నాళ్లయిందో గుర్తు చేసుకోబోయి మానేశాను.

బయటికి వచ్చాక ఆయన చిన్నబోయి నడుస్తున్నారు.

"ఇట్లయితే దొరికిపోతం సార్. లోపల నన్ను పేరు పెట్టి పిలవాలె, నువ్వు అనాలె" అన్నాను.

"జర అలవాటు గావాలె మేడమ్. మరి మీరు నన్నేమని పిలుస్తరు?"

"మా అమ్మ మా నాయనను ఇగో అని పిలిచేది."

"గట్లనే పిలువుండ్రి" అన్నారు. అది చాలా పెద్ద ఏర్పాటులాగా ఇద్దరం తలూపాం. నేను మెడ కనపడకుండా కొంగు నిండా కప్పుకునేదాన్ని. హాలు లోపల ఇగో, అనసూయ. హోటల్ గేటు దాటగానే మళ్లీ సార్, మేడమ్. ఈ పద్ధతి చివరిదాకా తప్పలేదు, ఒక్క రోజు తప్ప.

తూకం

ఇప్పుడు ఈ పనిలోకి వచ్చేవాళ్ల కోసం కాస్త నేరుగా చెప్తాను. ఈ స్కీములన్నీ మోసం కాదు. ఏటా తప్పకుండా ప్రయాణం చేసే కుటుంబానికి, నాలుగు నెలల ముందే సెలవు ఖాయం చేసుకోగలిగినవాళ్లకు కొన్ని బాగానే పనికొస్తాయి. మా పిల్లల్లో అట్లాంటివాళ్లు లేరు. ప్రాజెక్టు ఎప్పుడు అయిపోతుందో, తామే ఎప్పుడు మారిపోతారో తెలియనివాళ్లకు పాతికేళ్ల సెలవులు అమ్మడం అన్యాయం. అందుకని నేను బడి సెలవుల్లో గది దొరుకుతుందా, అయితే మొన్నటి సెలవుల్లో ఎవరికి ఇచ్చారో చూపించండి అని అడిగేదాన్ని. నిర్వహణ ఖర్చు పెంచేది ఎవరు, పెంచితే మేం వద్దనొచ్చా అని నర్సింగరావు గారు అడిగేవారు. ఆయన లెక్క వేసేటప్పుడు పెదాలు మెల్లగా కదిలేవి. చివరికి ఇద్దరం కలిసి అడిగేది ఒకటే. ఈ కాగితం ఇంటికి తీసుకెళ్లి చదువుకోవచ్చా? ఇవ్వం అంటే అక్కడితో తూకం అయిపోయినట్టే. ఎక్కడా ఇవ్వలేదు.

ఈ ధర ఈ రోజుకే అని చెప్పడం వాళ్ల పద్ధతి. అందుకని ఎంత నచ్చినా అదే రోజు ఔనని చెప్పకూడదు అన్నది నా మొదటి సూత్రం. సోమవారం పొద్దుటి నుంచి వాళ్ల ఫోన్లు మొదలయ్యేవి. దాని నుంచి పుట్టింది రెండోది. కాదన్నాక మళ్లీ అడిగేవాడి సరుకులో ఏదో లోపం ఉంటుంది, నమ్మొద్దు. ఈ రెండూ క్యాంటీన్‌లో కూర్చుని పిల్లలందరికీ పాఠంలాగా చెప్పేదాన్ని. నర్సింగరావు గారు పక్కనే ఉండి, "మేడమ్ చెప్పినట్టు ఇనుండ్రి, మంచిగుంటరు" అనేవారు.

ఒకసారి ఒక కంపెనీ మూర్తి గారికి గోవాలో వారం రోజులు ఊరికే ఇస్తామంది, వాళ్ల కాగితం మా బోర్డులో ఉంటే చాలునంది. నేను కుదరదన్నాను. ఆయన చాలా రోజులు నాతో ముభావంగా ఉన్నారు, కాని ఆ కాగితం పెట్టించలేదు. అలిగినా మన మాట తోసెయ్యని బాసు దొరికితే అదృష్టం అనుకోండి. తర్వాత వచ్చిన బాసులు నాతో నవ్వుతూనే ఉండి, నా వెనక అన్నీ పెట్టించేశారు.

ఆదివారాలు

నేను లేనిపోని నిజాయితీ నటించను. కొన్ని కాగితాలు చూడగానే పనికిరావని తెలిసిపోయేది. అయినా "ఒకసారి కూర్చుని చూడాలి సార్" అనేదాన్ని. నర్సింగరావు గారు కూడా "సూడాలె మల్ల, ఊకె ఎట్ల చెప్తం" అనేవారు. అట్లా ఆ ఏడాది చాలా ఆదివారాలు హోటళ్లలో గడిచాయి.

ప్రతి బల్ల దగ్గరా మా గురించి అడిగేవారు, మేం కల్పించి చెప్పేవాళ్లం. పెళ్లయిన కొత్తలో నాగార్జునసాగర్ వెళ్లామని, అక్కడ వానలో తడిసి నాకు జ్వరం వచ్చిందని ఆయన ఒకచోట చెప్పారు. ఇంకోచోట నేను దానికి తోడు చేశాను, ఆ రాత్రంతా ఈయన నాకు కాఫీ పెట్టబోయి పాలు పొంగించారని. మాట మారితే దొరికిపోతామని ప్రతిచోటా అవే చెప్పేవాళ్లం. చెప్పి చెప్పి అవి జరిగినట్టే అయిపోయాయి. ఇప్పటికీ సాగర్ పేరు వింటే నాకు ముందు ఆ జ్వరమే గుర్తొస్తుంది. జరగలేదని తర్వాత గుర్తు చేసుకోవాలి.

బయటికి వచ్చాక ఇరానీ హోటల్లో చాయ్ తాగి లింగంపల్లి బస్సెక్కేవాళ్లం. ఆయన చందానగర్‌లో దిగకుండా నా స్టాపు దాకా వచ్చి, నన్ను దింపి, మళ్లీ వెనక్కి పోయే బస్సు కోసం నిలబడేవారు. మా ఇల్లుగలావిడ వరండాలోంచి చూసేది. "ఒంటరి ఆడదానివని నమ్మి ఇల్లిచ్చిన అనసూయా. జర సూస్కో" అంది ఒకరోజు. నేనేమీ తప్పు చేయలేదు. అయినా ఆ మాట లోపల ఎక్కడో అంటుకుపోయింది. ఆ వయసులో ఇంకో కిరాయి ఇల్లు వెతుక్కోవడం ఎంత పరేషానో ఒంటరిగా వెతికినవాళ్లకే తెలుసు.

ఆయన అంటే నాకు ఇష్టం కలిగింది. దాన్ని ఇంకో పేరు పెట్టి చెప్పడం ఎందుకు. శనివారం నుంచే చీర తీసి ఇస్త్రీ చేసుకునేదాన్ని. ఆయనకూ అట్లాగే ఉందా, లేక ఆయనది పనిమీద శ్రద్ధేనా అన్నది తెలిసేది కాదు. తెలుసుకోవాలని ఆరాటం, తెలిస్తే ఏమవుతుందో అని భయం. ఆ రెంటి మధ్యే ఏడాదంతా నడిచింది.

చివరి హాలు

చివరిసారి వెళ్లినచోట టై కుర్రాడు కాకుండా పెద్దావిడ ఒకామె కూర్చుంది. పని బాగా తెలిసినామె. బొమ్మలు, లెక్కలు ఏమీ ముందు పెట్టలేదు.

"సార్, రిటైరయ్యాక పొద్దున లేవగానే ఎదురుగా మీకు ఏం కనపడాలి? కొండలా, సముద్రమా?" అని అడిగింది.

మేం తయారుచేసి పెట్టుకున్న జవాబుల్లో ఇది లేదు. ఆయన లెక్క వేస్తున్న కాగితం పక్కకు పెట్టారు.

"ఎదురుంగ ఏం గనపడకున్నా నడుస్తది అమ్మా. పక్కకు ఒకలుండాలె. పొద్దున చాయ్ తాగుకుంట పేపర్ల ఏమున్నదో పైకి సదువుతుంటే ఇనాలె. గంతే."

ఆమె ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. ఎందుకో ఇంకేమీ అడగలేదు. మేనేజరు వచ్చి ఈ రోజు ధర చెప్పాడు, మేం ఆలోచించి చెప్తాం అన్నాం, లేచాం. ఇరానీ హోటల్లో ఆయన చాయ్ సగంలోనే వదిలేసి లేచారు.

లింగంపల్లిలో దిగాక, మా వీధి మొదట్లో ఆగారు.

"అనసూయా" అన్నారు. హోటల్ గేటు దాటి అంతసేపయినా ఆ పిలుపు మారలేదని నాకు వెంటనే తెలిసింది.

"చెప్పండి."

"ఈ స్కీములు వద్దు. వికారాబాద్ కాడ అనంతగిరి గుట్టమీద గెస్ట్‌హౌజ్ ఒకటున్నదట. ఫ్రీ లేదు, డిస్కౌంటు లేదు. పూర్తి కిరాయి గట్టి మనమే పోదామా? రెండు గదులు తీస్కుందాం. నాలుగు దినాలు కూసొని మాట్లాడుకుందాం. నీకు మంచిగనిపిస్తెనే తర్వాతి ముచ్చట. లేకుంటే లేదు."

నాకు అర్థమైంది. అర్థం కాలేదని ఎవరితో అన్నా అది అబద్ధం. ఏడాదిగా నేను వినాలనుకున్న మాట అదే. అవతల వరండాలో ఇల్లుగలావిడ దీపం పెడుతూ మా వైపే చూస్తోంది. ఎంత నచ్చినా అదే రోజు ఔనని చెప్పకూడదని అంతమందికి నేర్పిన దాన్ని. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"ఆలోచించి చెప్తాను" అన్నాను.

ఆయన మొహంలో ఏమీ కనపడలేదు. మెల్లగా తలూపారు. "మంచిది. ఆలోచించుండ్రి మేడమ్" అని రోడ్డు దాటి వెనక్కి పోయే బస్సు కోసం నిలబడ్డారు.

నిజంగానే ఆలోచించాను. ఆ వారంలోనే ఎస్టీడీ బూత్ నుంచి ఆ గెస్ట్‌హౌస్‌కి ఫోన్ చేసి గదులున్నాయా, కిరాయి ఎంత, ఇంకేమైనా కట్టాలా అని అన్నీ అడిగాను. ఏ షరతూ లేదు. ఇల్లుగలావిడ పొమ్మంటే పోదాం, చందానగర్‌లో ఇళ్లు లేవా అని కూడా అనుకున్నాను. ఎటు తిప్పి చూసినా లోపం కనపడలేదు. ఔనని చెప్పడానికి సిద్ధపడి క్యాంటీన్‌లో కూర్చున్నాను. ఆయన ఉప్పు అందించమన్నారు. అందించాను. ఆయన అడుగుతారని ఎదురుచూశాను. మర్నాడూ చూశాను. ఆ నెలంతా చూశాను.

ఆయన అడగలేదు. రెండోసారి అడిగేవాడిని నమ్మొద్దని ఆయన పక్కన కూర్చుని ఎంతమందికి చెప్పానో నాకు అప్పుడు గుర్తు రాలేదు, చాలా ఆలస్యంగా గుర్తొచ్చింది. ఆయన నిక్కచ్చి మనిషి. నా దగ్గర రెండోసారి అడిగేవాడు కాకూడదనుకున్నారు. నువ్వే చెప్పొచ్చు కదా పెద్దమ్మా అంటారు ఇప్పటి పిల్లలు. చెప్పొచ్చు. తూచడం వచ్చినంత బాగా నాకు అడగడం రాలేదు, అంతే.

తర్వాత కొత్త ఆఫర్ వస్తే, "అకౌంట్లు ముగించేది ఉన్నది మేడమ్, కుదరది" అన్నారు. ఆ మరుసటి ఏడు మిర్యాలగూడలో తమ్ముడి రైస్‌మిల్లు లెక్కలు చూడటానికి ఉద్యోగం మానేసి వెళ్లిపోయారు. చివరి రోజు బస్సు దిగేముందు నా సీటు దగ్గర ఆగి, "బోర్డు మీద ఏది పెట్టినా మీరు సూసినంకనే పెట్టుండ్రి" అన్నారు. అట్లాగే సార్ అన్నాను. రైస్‌మిల్లు ఫోన్ నంబరు ఇచ్చారు. కొన్నాళ్లు డయల్ చేసి, మోగకముందే పెట్టేసేదాన్ని. తర్వాత ఊళ్ల నంబర్లన్నీ మారాయి. చేద్దామని గట్టిగా అనుకున్న రోజున ఆ నంబరు పనిచేయడం లేదని రికార్డు గొంతు చెప్పింది.

మా చెల్లెలి కూతురికి

అమ్మాయీ, హాల్లో ఏ కుర్రాడు ఏం చెప్పినా అదే రోజు ఔననకు. ఆ సూత్రం ఇప్పటికీ మంచిదే. పద్ధతులు మారాయి, కాగితం బదులు ఫోన్లలో వస్తున్నాయి, షరతు మాత్రం ఇంకా కిందే, ఇంకా చిన్న అక్షరాల్లోనే ఉంటోంది. చదువు. పిల్లలకు నచ్చకపోయినా సరే, నువ్వు చూడనిది బోర్డుకు ఎక్కించకు. ఆ తూకం మాత్రం ఆఫీసులోనే వదిలి ఇంటికి పో. అమ్మేవాడు మళ్లీ మళ్లీ అడుగుతాడు. మనసున్నవాడు ఒక్కసారి అడగడానికే చాలా కష్టపడతాడు.

రిటైరైన మరుసటి నెలలో నేను అనంతగిరి వెళ్లాను. గెస్ట్‌హౌస్ కౌంటర్లో కుర్రాడు నా పేరు రాసుకుని నా వెనక్కి చూశాడు.

"ఒక్కరేనా మేడమ్? సార్ రాలేదా?"

"రాలేదు."

"ఒక్కరున్నా ఇద్దరున్నా గది కిరాయి ఒకటే మేడమ్" అన్నాడు, ముందే చెప్పడం మంచిదని.

తెలుసు అన్నాను. పూర్తి కిరాయి కట్టి తాళంచెవి తీసుకున్నాను. పొద్దున వరండాలో చాయ్ పెట్టారు, పక్కన పేపర్ పెట్టారు. ఎదురుగా చెట్లున్నాయి, పక్క కుర్చీ ఖాళీగా ఉంది. పేపర్ తీసి మొదటి పేజీ మొత్తం పైకి చదివాను.